పానా పట్టే చేతులు లేకుండా క్వాంటం వ్యాలీ ఎలా?

సంపాదకుల వారికి,

అయ్యా,

అమరావతిలో రాబోతున్న క్వాంటం కంప్యూటర్ల పార్కు, అదే అమరావతి క్వాంటం వ్యాలీ, దాని మీద మీ పత్రికలో వచ్చిన వార్తలన్నీ కత్తిరించి ఒక ఫైల్లో పెట్టుకుంటున్నాను. ఫైలు బాగా లావెక్కింది. అందులో ఎకరాలున్నాయి, కోట్లున్నాయి, ఒప్పందాలున్నాయి, స్టార్టప్‌లున్నాయి, అల్గారిథమ్‌లున్నాయి. పానా పట్టుకున్న మనిషి మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆ మనిషి గురించే ఈ ఉత్తరం.

నేనెవరినో ముందు చెప్పాలి. ఒక విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో, హీలియం ప్లాంటులో టెక్నికల్ అసిస్టెంటుగా చేరి అక్కడే రిటైరయ్యాను. చదివింది ఐటీఐ ఫిట్టరు, ఆ తర్వాత ప్రైవేటుగా కట్టి డిగ్రీ. క్వాంటం సిద్ధాంతం నాకు రాదు. ష్రోడింగర్ సమీకరణాన్ని నల్లబల్ల మీద చూడటమే గాని సాధించింది లేదు. అయితే ఆ సమీకరణం రాసే ప్రొఫెసర్లకు మైనస్ 269 డిగ్రీల చలి అవసరమైతే నా దగ్గరికే వచ్చేవారు. "ఏమండీ, గురువారానికి హీలియం దొరుకుతుందా?" అని వాళ్లు అడిగితే ఆ వారం ప్లాంటు ఎలా ఉందో చూసి జవాబు చెప్పేది నేనే. కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు రాసే అర్హత కొంత ఉందనుకుంటాను.

2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2030-31 దాకా నడిచే పథకం. 2024 సెప్టెంబరులో నాలుగు హబ్‌లు, అంటే ప్రధాన పరిశోధన కేంద్రాలు, ప్రకటించారు. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీకి, కమ్యూనికేషన్ మద్రాసు ఐఐటీకి, సెన్సింగ్ బొంబాయి ఐఐటీకి, పదార్థాలు, పరికరాల విభాగం ఢిల్లీ ఐఐటీకి వెళ్లాయి. ఒక్కో హబ్ చుట్టూ వేర్వేరు రాష్ట్రాల సంస్థల నుంచి పరిశోధకులను జట్లుగా కట్టారు. తెలుగు నేలకు హబ్ దక్కలేదు. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటం టెక్ పార్కు పెడతామనీ, 156 క్యూబిట్ల (క్వాంటం లెక్కలు చేసే బుల్లి భాగాల) హెరాన్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ టూ అనే క్వాంటం కంప్యూటర్ అక్కడికి వస్తుందనీ ప్రకటించాక ఆ వెలితి తీరినట్టే అనిపించింది. నేనూ సంబరపడి హైదరాబాదులో చదువుకుంటున్న మనవడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. వాడు ఏమాత్రం చలించకుండా, "తాతయ్యా, అలాంటిదాన్ని నేను హాస్టల్లో కూర్చునే వాడాను, నెట్‌లో ఎప్పటి నుంచో ఉంది" అన్నాడు.

వాడన్నది నిజం. ఐబీఎం 2016 మేలోనే ఐదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా వాడుకునేలా తెరిచింది. ప్రోగ్రాం రాసే పిల్లలకు యంత్రం న్యూయార్క్‌లో ఉన్నా ఒకటే, తుళ్లూరులో ఉన్నా ఒకటే. పలాసలో కూర్చుని పంపిన ప్రోగ్రాం ఏ ఊళ్లో నడిచిందో ఫలితం చూసి చెప్పలేం. మరి యంత్రం మన గడ్డ మీదే ఉండటం వల్ల ఒరిగేదేమిటి? నాకు తోచింది ఒక్కటే. దాన్నీ, దాని చుట్టూ పుట్టుకొచ్చే చిన్న చిన్న ప్రయోగశాలల్నీ ముట్టుకునే, విప్పే, బిగించే, బాగుచేసే మనుషులు మన దగ్గర తయారవ్వాలి. నెట్‌లో దొరకనిది అదొక్కటే. అది జరగకపోతే మనకు మిగిలేది ఒక మంచి ఏసీ భవనం.

ఆ మనుషులు ఎందుకు కావాలో అర్థం కావాలంటే ఆ యంత్రం లోపల ఏముంటుందో కొంచెం చెప్పాలి. ఐబీఎం వాడే క్యూబిట్లు అతివాహక లోహంతో, అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డే చెప్పని లోహంతో, చేసిన బుల్లి వలయాలు. వాటితో మాట్లాడేది మైక్రోవేవ్ సంకేతాలతో, సుమారు 5 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ సంకేతంలో ఉండే శక్తిని ఉష్ణోగ్రతగా మార్చి చూస్తే ఒక కెల్విన్‌లో నాలుగో వంతుకు మించదు. కెల్విన్ కొలతలో సున్నా అంటే మైనస్ 273 డిగ్రీలు. చుట్టూ ఉన్న వేడి దానికంటే బాగా తగ్గకపోతే క్యూబిట్ ఎవరూ తాకకుండానే ఇటు నుంచి అటు మారిపోతుంది, లెక్క చెడిపోతుంది. అందుకే చిప్పును 0.015 కెల్విన్ దగ్గర ఉంచుతారు. నక్షత్రాల నడుమ ఉండే శూన్యం కూడా 2.7 కెల్విన్‌ల దగ్గర ఉంటుంది. అంటే ఆ డబ్బాలో ఉండేది అంతరిక్షం కంటే గట్టి చలి.

ఆ చలిని పుట్టించేది డైల్యూషన్ రిఫ్రిజిరేటర్. అందులో హీలియం-3, హీలియం-4 అనే రెండు రకాల హీలియం కలిసి తిరుగుతుంటాయి. 0.87 కెల్విన్ కిందికి వెళ్లాక ఆ మిశ్రమం రెండు పొరలుగా విడిపోతుంది. ఒక పొరలోని హీలియం-3 రెండో పొరలోకి దాటేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. సిద్ధాంతం ఇంతే. పని మాత్రం ఇంతతో అవ్వదు. ఆ హీలియం తిరిగే గొట్టాలు, పంపులు, వాల్వులు, వాటి చుట్టూ వాక్యూమ్ డబ్బాలు, పై అంతస్తును నాలుగు కెల్విన్‌ల దాకా చల్లబరిచే పల్స్ ట్యూబ్, దానికి కంప్రెసరు, ఆ కంప్రెసరుకు చల్లటి నీళ్లు, ఆ నీళ్లకు చిల్లరు, అన్నిటికీ ఆగని కరెంటు. ఇందులో ఏ ఒక్కటి మొరాయించినా చిప్పు వేడెక్కుతుంది. మళ్లీ మొదటి నుంచి చల్లబరచడానికి రోజులు పడుతుంది. క్యూబిట్ మీద వంద పరిశోధన పత్రాలు రాసిన పెద్దమనిషి కూడా చిల్లరులో పాచి పట్టి నీళ్లు పారకపోతే చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

హీలియం పేరు ఎత్తాను కాబట్టి గుంటూరు సంగతి చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. పియర్ జాన్సన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును పరిశీలించినప్పుడు వర్ణపటంలో ఒక పసుపుపచ్చ గీత కనబడింది. సోడియం గీతలకు దగ్గరగానే ఉంది గాని సోడియం కాదు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకయర్ కూడా ఆ గీతను చూశాడు, భూమ్మీద ఎవరికీ తెలియని మూలకమని తేల్చాడు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీసేదాకా హీలియం సూర్యుడిలో మాత్రమే ఉందనుకున్నారు. నేడు క్వాంటం యంత్రాలకు ప్రాణమైన వాయువు కథ మన గుంటూరు, బందరుల్లో మొదలైంది. సభల్లో గంటల తరబడి మాట్లాడే వక్తలు ఈ ముక్క చెప్పగా నేను వినలేదు. ఆ హీలియాన్ని ఇప్పుడు దిగుమతి చేసుకుంటున్నాం, అది వేరే సంగతి.

దిగుమతి సరుకు కాబట్టే దాన్ని ఎలా వాడుకుంటామన్నది ముఖ్యం. ఒక లీటరు ద్రవ హీలియం ఆవిరైతే సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది. దాన్ని గాల్లోకి వదిలేస్తే పోయినట్టే, భూమి ఆకర్షణను కూడా తప్పించుకుని వెళ్లిపోతుంది. మా ప్లాంటులో క్రయోస్టాట్‌ల (ప్రయోగ వస్తువును చల్లగా ఉంచే పాత్రల) నుంచి వచ్చే ఆవిరినంతా గొట్టాల ద్వారా ఒక పెద్ద రబ్బరు సంచిలోకి పట్టేవాళ్లం. సంచి నిండాక కంప్రెసరుతో సిలిండర్లలోకి ఎక్కించి, శుద్ధి చేసి, మళ్లీ ద్రవంగా మార్చేవాళ్లం. ఎవరైనా రీసెర్చి స్కాలరు బద్ధకించి రికవరీ వాల్వు తెరవకపోతే మాకు సంచి చూస్తేనే తెలిసిపోయేది. మర్నాడు వాళ్ల ల్యాబుకు వెళ్లి చివాట్లు పెట్టేవాణ్ణి. డాక్టరేట్లు తీసుకుని విదేశాలకు వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఫోన్ చేసినా మొదట ఆ చివాట్లే తలుచుకుంటారు.

ఈ పనిలో అసలు విద్య ఎక్కడుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకసారి ఒక విద్యార్థి కొత్తగా బిగించిన క్రయోస్టాట్‌లో వాక్యూమ్ పట్టడం లేదు. పంపు తిరుగుతూనే ఉంది, గేజి ఒకచోట ఆగిపోయి కిందికి దిగనంటోంది. ఆ అబ్బాయి పంపు పాడైందని నిర్ణయించేసి కొత్తదానికి ఇండెంట్ కూడా రాసుకున్నాడు. లీక్ డిటెక్టర్ తెచ్చి తగిలించాం. ఆ యంత్రం హీలియం అణువును మాత్రమే గుర్తు పడుతుంది. లోపల వాక్యూమ్ లాగుతూ, బయట ప్రతి జాయింటు దగ్గరా సన్నటి గొట్టంతో హీలియం కొద్దికొద్దిగా ఊదుతూ పోవాలి. పై నుంచి మొదలుపెట్టాలి. హీలియం తేలిక, పైకి లేస్తుంది. కింది నుంచి మొదలుపెడితే ఎక్కడో పైనున్న చిల్లు ముల్లును కదిలిస్తుంది, మనం కింద జాయింటును విప్పుకుంటూ కూర్చుంటాం. పై ఫ్లాంజి (గొట్టాలను కలిపి బిగించే చక్రం) దగ్గర ఏమీ లేదు. రెండోదాని దగ్గర ముల్లు కొంచెం ఆలస్యంగా లేచింది. అక్కడేనా, పక్కదా అన్న అనుమానం తీరడానికి ఆ జాయింటు చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి అందులోకి మాత్రమే హీలియం వదిలాం. ముల్లు చివరిదాకా పోయింది.

విప్పి చూస్తే ఓ-రింగ్, అంటే జాయింటులో గాలి చొరబడకుండా పెట్టే రబ్బరు వలయం, బాగానే ఉంది. అది కూర్చునే గాడిలో గోరు తగిలితే గాని తెలియనంత సన్నటి గీత, అడ్డంగా. పాత ఓ-రింగ్‌ను ఎవరో స్క్రూడ్రైవరుతో పెకలించిన ఫలితం. గీత గాడి వెంట చుట్టూ ఉంటే ఫర్వాలేదు, అడ్డంగా ఉంటే అదే దారి. సన్న ఎమ్రీ కాగితం తీసుకుని, గాడి ఎటు తిరిగితే అటే వేలు తిప్పుతూ, అడ్డగీత పోయేదాకా రుద్దాను. ఆ సాయంత్రం గేజి దిగింది. లక్షల రూపాయల పంపు ఇండెంట్ చెత్తబుట్టలోకి వెళ్లింది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. నాకు నేర్పిన మేస్త్రీకి ఆయన ముందున్న మేస్త్రీ నేర్పాడు. ఇంకా కఠినమైన లీకులున్నాయి. గదిలో ఎంత వెతికినా దొరకవు, చల్లబడ్డాక లోహాలు ముడుచుకుని తెరుచుకుంటాయి. వేడి చేసి, విప్పి, బిగించి, మళ్లీ చల్లబరిచి చూడాలి. ఓపికా, చేతి నేర్పూ రెండూ ఉన్నవాడే ఆ పనికి పనికొస్తాడు.

ఈ మాట నేను కొత్తగా చెబుతున్నది కాదు. నూరేళ్ల కిందటే హాలండులో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ అనే ప్రొఫెసరు గ్రహించాడు. ఆయన 1908 జూలై 10న లోకంలో మొదటిసారి హీలియాన్ని ద్రవంగా మార్చాడు. 1911లో ఆ ద్రవంతోనే పాదరసాన్ని చల్లబరిచి అతివాహకతను కనుగొన్నాడు. 1913లో నోబెల్ వచ్చింది. ఇవన్నీ అందరూ చెబుతారు. వీటికంటే ముందు, 1901లో, ఆయన ఏం చేశాడో తక్కువ మంది చెబుతారు. పరికరాలు చేసే కుర్రాళ్లకు, గాజు ఊదే పనివాళ్లకు ఒక బడి పెట్టించాడు. ప్రయోగశాలలో నీలం కోట్లు తొడుక్కుని పనిచేసే ఆ కుర్రాళ్లను "నీలం పిల్లలు" అనే పిలిచేవారు. హీలియం ద్రవంగా మారేనాటికి ఆయన పక్కన నిలబడి పంపులు నడిపింది, గాజు గొట్టాలు ఊది ఇచ్చింది అలా నేర్చినవాళ్లూ, నేర్పినవాళ్లూ. ఆ బడి నేటికీ నడుస్తోంది. 1964లో మొట్టమొదటి డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ పనిచేసింది కూడా అదే లైడెన్‌లో. ఇది కాకతాళీయం అంటే నేనొప్పుకోను.

ఇప్పుడు ఆ దేశం క్వాంటం రంగంలో ప్రాంతీయ నెట్‌వర్క్ ఎలా కట్టిందో చూడండి. క్వాంటం డెల్టా అని పేరు. 2021లో 61.5 కోట్ల యూరోలు కేటాయించారు. డెల్ఫ్ట్, లైడెన్, ఆమ్‌స్టర్‌డామ్, ఐండ్‌హోవెన్, ట్వెంటే, ఇలా ఐదు చోట్ల కేంద్రాలు. అంతా ఒక్క ఊళ్లో కుక్కలేదు. ఎక్కడ ఏ పనితనం పాతుకుపోయి ఉందో అక్కడే ఆ పనిని ఉంచి, మధ్యలో దారులు వేశారు.

మన దగ్గర పనితనం లేదా అంటే బోలెడుంది, దారులే లేవు. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు సి.వి.రామన్‌తో కలిసి కాంతి రేణువైన ఫోటాన్‌కు స్పిన్ (బొంగరంలా తిరిగే లాంటి గుణం) ఉందని ప్రయోగంతో చూపించింది 1931లో. ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం నిలబెట్టి, బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టరు అయ్యారు. ఫోటాన్‌కున్న ఆ గుణం నుంచే ధ్రువణం, అంటే కాంతి తరంగం ఊగే దిశ, వస్తుంది, రహస్య సంకేతాలు పంపే క్వాంటం పద్ధతుల్లో ఒక ప్రధాన మార్గం దాని మీదే ఆధారపడింది. 2020 డిసెంబరులో డీఆర్డీవో హైదరాబాదులోని తన రెండు ల్యాబుల మధ్య క్వాంటం కమ్యూనికేషన్ నడిపి చూపింది. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) కేంద్రం హైదరాబాదులో ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఐటీ ఉన్నాయి. తిరుపతిలో ఐఐటీ, సైన్సు చదువుకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ రెండూ ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ, నీరుకొండ, ఐనవోలుల్లో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి గీతలు కలపడం తేలికే. హీలియం సిలిండరుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు గనక తెలంగాణ, ఆంధ్ర అని చూడకుండా కలపాలి. కాని గీత వెంబడి ప్రయాణించేది ఏమిటి? ఎంఓయూ కాగితాలూ, వెబినార్ లింకులూ అయితే దాన్ని నెట్‌వర్క్ అనను. బ్యారేజీ కట్టి పంట కాలువ తవ్వకపోతే నీళ్లు కనబడతాయి గాని పొలం తడవదు.

నిజంగా పనిచేసిన నమూనా మన దేశంలోనే ఒకటుంది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అణుశక్తి శాఖ కలిసి పెట్టిన యూజీసీ-డీఏఈ కన్సార్టియం అని ఇండోర్, ముంబయి, కోల్‌కతాల్లో కేంద్రాలు, కల్పాక్కంలో ఒక నోడు. విశ్వవిద్యాలయాల పిల్లలు శాంపిల్ పట్టుకుని అక్కడికి వెళ్తే ద్రవ హీలియం ఇస్తారు, యంత్రం మీద సమయం ఇస్తారు, కొలతలు చేయడానికి తోడు నిలబడతారు. మా విశ్వవిద్యాలయం నుంచి ఎందరినో రైలెక్కించాను. మరో ప్రయత్నం ఐ-స్టెమ్ పోర్టల్, 2020 జనవరిలో మొదలైంది. దేశంలో ఏ యంత్రం ఎక్కడుందో అందులో వెతుక్కోవచ్చు. మంచి పనే. కానీ పోర్టల్లో పేరున్న యంత్రం పనిచేస్తోందా, దాన్ని నడిపే మనిషి రిటైరయ్యాడా, ఉన్నాడా అన్నది ఫోన్ చేస్తే గాని తెలియదు. కొన్నిచోట్ల ఫోన్ చేసినా తెలియదు.

మా ప్లాంటు సంగతే చెబుతాను. విశ్వవిద్యాలయం పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క విశ్వవిద్యాలయం జబ్బు కాదు. నేను రిటైరయ్యే నాటికి ప్లాంటు నడుస్తోంది. ఆ తర్వాత కంప్రెసరు షాఫ్టు సీలు అరిగింది. ఆ సీలు తయారు చేసేది ఒక్క కంపెనీయే. కొనుగోలు నియమం ప్రకారం మూడు కొటేషన్లు కావాలి. లేని రెండు కంపెనీల కొటేషన్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఫైలు పైకి వెళ్లింది, వివరణ కోరుతూ కిందికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఈలోగా ఆర్థిక సంవత్సరం ముగిసి నిధులు మురిగిపోయాయి. నా పోస్టు భర్తీ కాలేదు. ఏజెన్సీ ద్వారా ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ ట్రేడు చదివినవాడు, వెండి బ్రేజింగు నాకంటే నున్నగా చేసేవాడు. రిటైరయ్యాక కూడా నేను వెళ్లి నేర్పాను. కాస్త చెయ్యి తిరిగిందో లేదో, రెట్టింపు జీతానికి ఒక ఏసీ కంపెనీకి వెళ్లిపోయాడు. నేను తప్పు పట్టను, ఇంట్లో తల్లీ చెల్లీ ఉన్నారు వాడికి. ప్లాంటు గదికి ఇప్పుడు తాళం. తక్కువ ఉష్ణోగ్రతల మీద పని మొదలుపెట్టిన పిల్లల్లో కొందరు ఇండోర్ రైలెక్కారు, కొందరు అంశమే మార్చుకుని కంప్యూటర్ సిమ్యులేషన్లలోకి వెళ్లారు.

అమరావతికి వచ్చే యంత్రానికి ఐబీఎం తన మెకానిక్కులను తానే తెచ్చుకుంటుంది, నాకా అనుమానం లేదు. మనవాళ్లను ఆ డబ్బా దగ్గరికి రానిస్తుందో లేదో కూడా ఒప్పందంలో చూసుకోవాల్సిన విషయం. పార్కు చుట్టూ చిన్న సంస్థలు, కాలేజీల్లో సెన్సర్ ల్యాబులు, ఫోటాన్ ల్యాబులు వస్తాయంటున్నారు. వాటికి మెకానిక్కులను ఎవరు తెచ్చిపెడతారు? సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కలిసి 2024 డిసెంబరులో బీటెక్ పిల్లలకు క్వాంటం మైనర్ (ప్రధాన కోర్సుతో పాటు చదివే అదనపు సబ్జెక్టు) సిలబస్ విడుదల చేశాయి. బీటెక్ వాళ్లకు అది మేలే. అయితే ల్యాబును నిలబెట్టేది పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు. వాళ్లకు ఆ సిలబస్‌లో చోటు లేదు.

కాబట్టి ప్రభుత్వానికీ, ఈ నెట్‌వర్క్‌ను నడిపే పెద్దలకూ నా మనవి. గుంటూరు, విజయవాడ ప్రాంతంలో ఒక పాత పాలిటెక్నిక్ తీసుకోండి, కొత్త భవనం అక్కర్లేదు. అందులో ఫిట్టరు, వెల్డరు, ఏసీ మెకానిక్, ఎలక్ట్రానిక్స్ ట్రేడులు చదివిన పిల్లలకు ఒక కోర్సు పెట్టండి. వాక్యూమ్, లీక్ టెస్టింగ్, స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆర్గాన్ వెల్డింగ్, ఇండియం తీగతో సీలు వేయడం, మైక్రోవేవ్ కేబుళ్ల కనెక్టర్లను టార్క్ పానాతో కొలత ప్రకారం బిగించడం నేర్పండి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలున్నారు, వాళ్లను పిలిచి పాఠం చెప్పించండి. సర్టిఫికెట్ లేదని గుమ్మంలో ఆపొద్దు. భద్రత కూడా నేర్పాలి, దీన్ని పేరుకు ఒక గంటతో సరిపెట్టకూడదు. ద్రవ నైట్రోజన్ లీటరు ఆవిరైతే ఏడువందల లీటర్ల దాకా వాయువవుతుంది. రంగు, వాసన లేకుండా గదిలో ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. డ్యూవర్‌ను, అంటే ఆ ద్రవం నింపే థర్మోస్ లాంటి పాత్రను, లిఫ్టులో పంపాలంటే డ్యూవర్ ఒక్కటే వెళ్లాలి, మనిషి మెట్లెక్కి పైన అందుకోవాలి. లిఫ్టు మధ్యలో ఆగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఒక్క నియమం పాటించని ల్యాబులు నాకు తెలుసు.

నేర్చుకున్నవాళ్లు ఏ ఒక్క కాలేజీకో చెందకూడదు, నెట్‌వర్క్‌కు చెందాలి. తిరుపతిలో పంపు ఆగితే అక్కడికి, విశాఖలో లీకు వస్తే అక్కడికి, లీక్ డిటెక్టర్ వేసుకుని వ్యానులో వెళ్లేవాళ్లు కావాలి. ఒక్కో కాలేజీ ఒక్కో డిటెక్టర్ కొని బీరువాలో పెట్టుకోవడం కంటే ఇది ఎంత చవకో లెక్క వేసే పని ఆర్థిక శాఖకు వదిలేస్తాను. ఏజెన్సీ ఉద్యోగాలు పెట్టొద్దు. జీతమూ, ప్రమోషనూ ఉన్న కేడరు ఉండాలి. పరిశోధన పత్రంలో ఏ యంత్రంతో కొలిచారో రాసినట్టే ఆ యంత్రాన్ని నిలబెట్టిన టెక్నీషియన్ పేరు రాసే అలవాటు కూడా రావాలి. నా పేరు రెండు మూడు థీసిస్‌లలో కృతజ్ఞతల పేజీలో ఉంది. అవి ఇంట్లో దాచుకున్నాను, మా ఆవిడ చుట్టాలకు చూపిస్తుంది.

హీలియం రికవరీ గొట్టాలు, సంచి, కంప్రెసరు, ద్రవీకరణ యంత్రం అన్నీ ఒకేచోట ఉమ్మడిగా ఉండి, చుట్టుపక్కల ల్యాబుల నుంచి వాయువు సిలిండర్లలో వెనక్కి వస్తే, దిగుమతి మీద ఆధారపడటం ఎంతోకొంత తగ్గుతుంది. విడిభాగాలకు ఒక స్టోరు, దాని ఇన్‌చార్జికి ఒక పరిమితి వరకు ఎవరినీ అడగకుండా కొనే అధికారం ఉంటే చాలు. మా షాఫ్టు సీలుకు ఆ అధికారం ఉన్న మనిషి ఒక్కడుంటే ప్లాంటు ఈరోజుకీ నడుస్తుండేది. ఇదంతా ఆరువేల కోట్ల మిషన్‌లో పెద్ద పద్దు కాదు. అయినా టెండరులో, ప్రెస్ మీట్లో కనబడని పద్దు కాబట్టి ఎవరో ఒకరు అడిగి రాయించాలి. శాసనసభలో ప్రశ్నలు వేసే సభ్యులెవరైనా ఈ ఉత్తరం చదివితే మూడు విషయాలు అడగండి. పార్కులో టెక్నీషియన్ పోస్టులెన్ని, అవి పర్మినెంటా, ఏజెన్సీయా, ఐబీఎం యంత్రం బిగించేటప్పుడు మన పాలిటెక్నిక్ పిల్లలు పక్కన నిలబడి చూసే షరతు ఒప్పందంలో ఉందా.

ఆ కోర్సు ఎవరైనా మొదలుపెడితే పాఠం చెప్పడానికి నేను సిద్ధం. మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లు తక్కువున్న గది ఇస్తే మేలు. జీతం అక్కర్లేదు, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుంటాను. పనిచేసే లీక్ డిటెక్టర్ ఒకటి, ఒక హీలియం సిలిండరు మాత్రం ముందే తెప్పించి ఉంచాలి. పవర్ పాయింట్ మీద లీకు ఎలా పట్టాలో నాకు చెప్పడం రాదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత టెక్నికల్ అసిస్టెంట్,
తెనాలి